కంప్యూటరుకూ ఎండాకాలమే



పాలు ఎప్పుడు పొంగుతాయో, పోపు ఎప్పుడు మాడుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కంప్యూటరు వేడెక్కిందని ఎవరైనా అంటే మాత్రం కాళ్ళూ చేతులూ ఆడవు. ఎంత వేడి మామూలో, ఎంత వేడి ప్రమాదమో తెలియకపోవడమే దానికి కారణం.

నిరుడు మే నెల 20వ తేదీ మధ్యాహ్నం నాచారం నుంచి మా పిన్ని కూతురు ఫోను చేసింది. అక్కడి పారిశ్రామికవాడలో రెండు మూడు చిన్న వర్క్‌షాపులకు ఇంట్లో కూర్చునే లెక్కలు రాస్తుంది. జి.ఎస్.టి. నెలవారీ రిటర్నుకు 20వ తేదీ ఆఖరు. దాటితే రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము. "అక్కయ్యా, కంప్యూటరు పది నిమిషాలకోసారి దానంతటదే ఆరిపోతోంది. షాపతను ప్రాసెసరు పోయింది, కొత్తది వెయ్యాలంటున్నాడు. రుసుము మాట అలా ఉంచు, ఇక నాకు లెక్కలెవరిస్తారు?" అని ఒకటే ఏడుపు. డిప్లొమా చదివే మా అబ్బాయిని వెంటబెట్టుకుని ఉప్పల్ నుంచి ఆటోలో బయల్దేరాను.

వేడి ఎక్కణ్ణుంచి వస్తుందో దారిలో వాడు చెప్పిందే మీకూ చెబుతాను. ప్రాసెసరంటే కంప్యూటరుకు మెదడులాంటి చిన్న బిళ్ళ. అది పుచ్చుకునే కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది. ఇళ్ళల్లో 65 వాట్ల రకం మామూలు. పాతకాలపు 60 వాట్ల బల్బు వెలుగుతుండగా ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది గదా! అంత వేడీ గోరంత సిలికాన్ ముక్కలో పుడుతుంది. దాన్ని బయటికి లాగడానికి పైన అల్యూమినియం రేకుల దిమ్మె, దానిమీద ఫ్యాను ఉంటాయి. బిళ్ళకూ దిమ్మెకూ మధ్య కంటికి కనపడని సందుల్లో గాలి నిలిస్తే వేడి సరిగా దాటదు. అందుకని పలచగా ఒక పేస్టు రాస్తారు. ఏళ్ళు గడిస్తే అది ఎండిపోతుంది.

ఇక అసలు సంగతి. ఫ్యాను కింద మనకు చల్లగా ఉండటం చెమట ఆరడం వల్ల. ప్రాసెసరుకు చెమట లేదు. దాని ఫ్యాను గదిలో గాలినే దానిమీదికి తోలుతుంది కనక గదికంటే చల్లబడటం దాని వల్ల కాదు. కాబట్టి వేడి అంకెను గదితో పోల్చి చూసుకోవాలి. డిసెంబరులో గది 22 డిగ్రీలున్నప్పుడు 44 చూపించిన ప్రాసెసరు, మే నెలలో గది 39 అయితే అదే పనికి ఇంచుమించు 61 చూపిస్తుంది. అందులో కంగారు పడాల్సిందేమీ లేదు.

ఊరికే ఉన్నప్పుడు 35 నుంచి 50, బరువైన పనిలో 60 నుంచి 80 మామూలే. చిన్న పనికే 90 దగ్గర పడిందంటే కారణం వెతకాలి. ఇప్పటి చాలా రకాలకు పై హద్దు 95, 100 డిగ్రీల ప్రాంతం. ఆ హద్దు తగిలితే ముందు అది తన వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి పెరుగుతుంటే తనను తానే ఆర్పేసుకుంటుంది. అంటే మా చెల్లెలి ప్రాసెసరు చచ్చిపోలేదు, చావకుండా చూసుకుంటోంది!

మావాడు కంప్యూటరు పెట్టీపెట్టగానే డిలీట్ కీ నొక్కి బయాస్ అనే తెర తెచ్చాడు. ప్రాసెసరు వేడి అందులో కనిపిస్తుంది. మేం చూస్తుండగానే 84, 91, 97! గబుక్కున ఆపేశాడు. పెట్టె ఎక్కడుందని చూస్తే, వడ్రంగి చేసిన బల్ల అరలో, వెనక గోడకు ఆనించి, తలుపు వేసి ఉంది. పైన పువ్వులు కుట్టిన గుడ్డ కవరు. ఆ కవరు కుట్టింది నేనే. గృహప్రవేశానికి ముచ్చటపడి ఇచ్చాను.

ప్లగ్గు తీసి పక్కరేకు విప్పితే అల్యూమినియం రేకుల మధ్య దుమ్ము దూదిలా పట్టి ఉంది. లారీలు తిరిగే రోడ్డు పక్క ఇల్లు మరి. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే దుమ్ము. ఫ్యాను రెక్కలు తిరక్కుండా వేలితో పట్టుకుని, మెత్తటి పెయింటు బ్రష్షుతో దులిపాడు. తడిగుడ్డ పనికిరాదు సుమండీ. పెట్టెను అరలోంచి తీసి గోడకు జానెడు ఎడంగా పెట్టాం. ఎయిర్ కూలరు దానివైపు తిప్పబోతుంటే మావాడు వద్దన్నాడు. ఆ తేమగాలి మనకు హాయేగాని లోపలి సర్క్యూట్లకు మంచిది కాదు.

"మరి ఎ.సి. కొనాలేమో" అంది చెల్లెలు. నాచారానికి దగ్గర్లోనే ఉన్న మన ఇ.సి.ఐ.ఎల్. 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటరు తయారుచేసింది. ఆ తరం పెద్ద కంప్యూటర్లకు ప్రత్యేకంగా చల్లటి గదులు కట్టేవాళ్ళు. ఇంటి కంప్యూటరుకు అంత వైభోగం అక్కర్లేదు, గాలి వచ్చేదారీ పోయేదారీ ఉంటే చాలు. వేడి చూపించే చిన్న ప్రోగ్రాం ఒకటి వేసి పని మొదలుపెట్టాం. గోడమీద థర్మామీటరు 39 చూపిస్తుంటే ప్రాసెసరు 61 దగ్గర ఆగింది. సాయంత్రం ఆరింటికల్లా రిటర్ను వెళ్ళిపోయింది.

దుమ్ము దులిపినా అంకె దిగకపోతే ఫ్యాను తిరుగుతోందో లేదో చూసి, మెకానిక్ చేత పేస్టు మార్పించండి. ఆ దిమ్మె మీరు ఊడదీయవద్దు. వేడి మామూలుగా ఉండి కూడా ఆరిపోతుంటే అప్పుడు యు.పి.ఎస్., పవర్ సప్లై చూపించాలి. షాపతన్నీ నేను మరీ తప్పుపట్టను. ఫోనులో విని చెప్పిన వైద్యం అది.

నేనిచ్చిన కవరు ఇప్పుడు వాళ్ళింట్లో మిక్సీమీద ఉంది.