సామ్యవాదుల గెలుపునకు కొలబద్ద
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయము గొప్పతనము బీరువాలలోని పుస్తకముల లెక్కవలన తేలదు. చదువరుల చేతులలో నలిగిన పుటలవలన తేలును. దున్నువానికి భూమిపై హక్కు కావలెనను సామ్యవాదుల గెలుపును గూడ ఇట్లే పరీక్షింపవలెను.

1952 ఎన్నికలలో తెలుగు జిల్లాలనుండి మదరాసు శాసనసభకు 41 మంది కమ్యూనిస్టులు ఎన్నికైరి. 1955లో ఆంధ్ర రాష్ట్ర శాసనసభకు జరిగిన ఎన్నికలలో వారికి నూటికి 31 ఓట్లు వచ్చినను, 196 స్థానములలో 15 మాత్రమే దక్కెను. ఓట్ల పాలు పెరిగినది. ప్రత్యర్థులు ఏకమగుటచే స్థానములు తరిగినవి. స్థానములు లెక్కించువారు దీనిని ఓటమి యందురు. ఓట్లు లెక్కించువారు కాదందురు. ఇరువురి లెక్కయు అసంపూర్ణమే.

మరుసటి యేడు, 1956లో, గెలిచినవారి ప్రభుత్వమే కౌలుదారీ చట్టము చేసెను. కౌలునకు హద్దును, తొలగింపునకు నియమమును ఏర్పడెను. ఓడినవారు కోరినదానిలో కొంత గెలిచినవారి చేతిమీదుగా వచ్చెను. అయినను అది చాలునా?

అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల పొలముగట్టు మీదనే చట్టము బలము తెలియును. ఇచ్చట కౌలు పెక్కుచోట్ల నోటిమాటతో నడచును. అడంగలులో పేరెక్కిన హక్కు స్థిరపడునని భూస్వామికి శంక. ఎక్కింపుమన్న మరుసటి యేడు పొలము దక్కదని కౌలుదారునకు భయము. పేరు లేనివానికి బ్యాంకు అప్పు పుట్టుట కష్టము. తుపాను పరిహారము పట్టాదారునకు పోవును. కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించిన 2011లోనే కౌలుదారులకు రుణ అర్హత పత్రములిచ్చు చట్టము వచ్చెను. 2019 నాటి చట్టము పదునొకండు నెలల సాగు పత్రమునకు యజమాని అంగీకారము కావలెననెను. ఎవరికి జంకి కౌలుదారు నోరు మెదపడో, వారి సంతకమునే తెమ్మన్నట్లయ్యెను.

సభాపర్వమున నారదుడు ధర్మరాజును కుశలమడుగుచు, చెరువులు నిండియున్నవా, కర్షకులకు విత్తనమునకును తిండికిని లోటు లేదు గదా యని ప్రశ్నించెను. పాలన మంచిచెడ్డలను ఆ ముని కర్షకుని గాదెయొద్ద నిలిచి చూచెను. సామ్యవాదులును అచ్చటనే నిలిచి చూచుకొనవలెను. తమ పక్షము ఓడిన పిమ్మటను పేదవానికి మిగిలిన హక్కెంత? తాము అధికారమున నున్నను అతడు తన పేరు చెప్పుకొనుటకు జంకుచున్నాడా? ఈ రెండు ప్రశ్నలకు వచ్చు సమాధానమే వారి జమాఖర్చు.

కనుక ఈ గ్రంథాలయమున కావ్యముల సరసనే కౌలు చట్టముల ప్రతులును ఉండవలెను. చదువరాని కౌలుదారునకు వాటిని చదివి వినిపించువారు మీలో ఒక్కరైనను ముందుకు వచ్చినచో, ఈ రజతోత్సవము సార్థకమగును.