ఇంట్లో కట్టే కారుకు ఏ స్ప్రింగు?



మన సభ్యులొకరి మనుమడు ఇంగ్లండులో, తన షెడ్డులో రెండు సీట్ల స్పోర్ట్సు కారు కట్టుకుంటున్నాడు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ తరహాది. సామాను పాత ఫోర్డు ఎస్కార్టుది. రేసు కారంటే గట్టి స్ప్రింగే కదా, అంగుళానికి 500 పౌన్లది కొంటానన్నాడట. వర్క్‌షాపు మనిషినని తాతగారు నన్నడిగారు. బస్సుల కమాన్ కట్టలు విప్పిన చేతులివి, అయినా లెక్క ఒకటే.

వద్దన్నాను. ఆ కారు బరువు 600 కిలోలకు అటూ ఇటూ. అంత తేలిక బండికి అంత గట్టి స్ప్రింగైతే గతుకుల మీద చక్రం నేల విడుస్తుంది. నేల విడిచిన చక్రానికి బ్రేకూ లేదు, స్టీరింగూ లేదు.

స్ప్రింగు ఉండేది చక్రం దగ్గర కాదు, చక్రాన్ని పట్టే చేతి మీద, కాస్త లోపలికి. చాసిస్ కీలు నుంచి మూడింట రెండు వంతుల దూరంలో బిగిస్తే కదలికా తగ్గుతుంది, పట్టూ తగ్గుతుంది. కనుక చక్రానికి అందేది తొమ్మిదింట నాలుగు వంతులే. 200 పౌన్ల స్ప్రింగు అక్కడ 89 అవుతుంది. ఏటవాలుగా పెడితే ఇంకా తక్కువ. అందుకే మనిషి కూర్చున్నాక ఒక్కో చక్రం కింద తూకం వేసి, ఆ తర్వాతే కొనమన్నాను. షాకబ్సార్బరు ఆ స్ప్రింగుకు జోడుగా ఉండాలి.

పాత సామాను వాడుకోవచ్చు. బాల్ జాయింట్లు, రబ్బరు బుష్షులు మాత్రం కొత్తవే వేయాలి. పరుగులో బాల్ జాయింటు ఊడితే చక్రం పక్కకు పడిపోతుంది.