వెలుగుగీతల తొక్కుడుబిళ్ళ



తొక్కుడుబిళ్ళ ఆటకు వలసిన సామగ్రి ఒక పెంకు, ఒక బొగ్గుముక్క, కొంచెము నేల. గడులు గీయుటతోడనే ఆ నేల అందరిదగును. ఆడువారు, వంతుకై కాచుకొన్నవారు, అరుగుమీది ముసలివారు, ఎల్లరును ఒకే గీతను చూతురు. కాలు గీతను త్రొక్కినదా లేదా యని ఎల్లరును వాదింతురు. బొగ్గుగీతకు మారుగా వెలుగుగీతను నేలపై పరపి, కాలు పడినచోట దానిని కదలించు విద్య నేడు వీడియో ఆటలలోనికి వచ్చినది. మున్ముందు అది ఎవరికొరకు పెరుగునన్నదే ప్రశ్న.

1971లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున మైరన్ క్రూగర్ అను నాతడు ‘సైకిక్ స్పేస్’ అను గదిని అమర్చెను. అడుగుల ఒత్తిడిని గుర్తించు సాధనములు దాని నేలలో ఉండెను. మనుష్యుడు నడచిన కొలది, ఎదుటి తెరపైనున్న చిక్కుదారిలో అతని గుర్తు నడచెడిది. గీతను దాటి మోసగింపజూచినచో గీత రబ్బరువలె సాగెడిది, లేదా చిక్కుదారి యంతయు అతనితో కదలెడిది! యంత్రము తగవరివలె గాక తోడి ఆటగానివలె వర్తించినది. తరువాతి ఆటలలో ఈ చమత్కారము అరుదు. 1998లో జపానున కొనామీ సంస్థ వెలువరించిన ‘డాన్స్ డాన్స్ రివల్యూషన్’ బాణపు గుర్తులపై తాళమునకు సరిగా అడుగు వేయించి, మార్కులు లెక్కించినది.

వీనిలో కాలు నేలపై, కన్ను తెరపై. ఇంతకు నడుమ, 1992లో, చికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమువారు ‘కేవ్’ అను గదిని ప్రదర్శించి, మూడు గోడలతోపాటు నేలపైకిని బొమ్మను దింపిరి. నేలలో గోతులును లోతులును నిజమువలె తోచెను. కాని ఆ లోతు ఒక్కనికే చెల్లును. యంత్రము ఒకని తల ఎచ్చటనున్నదో కనిపెట్టి, ఆ కంటికి తగినట్లు బొమ్మను వంచును. ప్రక్కన నిలిచినవానికి అదే బొమ్మ వంకరగా కనబడును. బల్లపరుపుగా పరచిన వెలుగుగీత అట్టిది కాదు. ఎచ్చటనుండి చూచినను గీత గీతయే.

నేటి పద్ధతి చెప్పుటకు సులభము. పైకప్పునుండి ప్రొజెక్టరు బొమ్మను పరచును. కంటికి కానరాని పరారుణ కాంతితో కెమేరా పాదములను కనిపెట్టును. 2010లో మైక్రోసాఫ్ట్ వెలువరించిన కినెక్ట్ దూరమును కొలుచు కెమేరాను ఇండ్లకు చేర్చినది. 2014లో ఆ సంస్థ పరిశోధకులు ఆరు జతల ప్రొజెక్టర్లను, కెమేరాలను కూర్చి ‘రూమ్ అలైవ్’ పేర ఒక గది నంతటిని ఆటస్థలముగా మార్చి చూపిరి. అయినను 2017లో కినెక్ట్ తయారీయే నిలిచిపోయినది.

చిక్కులు చిన్నవి కావు. నేలకు రెండు వ్రేళ్ళ ఎత్తున నిలిచిన పాదము త్రొక్కినదా లేదా యన్నది కెమేరాకును సందేహమే. తొక్కుడుబిళ్ళ తగవు యంత్రమునకును తప్పలేదు. క్షణమునకు మూడు మీటర్లు పరుగెత్తు పిల్లవానికి, యంత్రము క్షణములో పదవ వంతు ఆలసించినను, బొమ్మ 30 సెంటీమీటర్లు వెనుకబడును. పగటి వెలుతురులో గీతలు వెలవెలబోవును.

అందుచే ప్రతి యింటను ఇట్టి నేల వెలయునని ఊహించుట కష్టము. ఒక్కని కంటికి లోతు చూపుటకు తలకు తగిలించుకొను సాధనములు ఉండనే యున్నవి. నేల వానితో పోటీపడనక్కరలేదు. బడి, గ్రంథాలయము, వైద్యశాలలోని నిరీక్షణశాల, ఇవి దీనికి తగిన చోట్లు. కుర్చీలో కూర్చున్న అవ్వ పాదము జరిపి పంపిన వెలుగుబంతిని ఎదుట పరుగెత్తు మనుమడు ఆపవచ్చును. ఇద్దరికిని మెడలో గాని చేతిలో గాని పరికరము ఉండదు.

లోటు ఒకటి కలదు. బొగ్గుతో గడులు గీయునది ఆడు పిల్లయే. వెలుగుగడులను ఎచ్చటనో కూర్చున్న మరియొకరు గీయుదురు. పిల్ల సుద్దతో గీసిన గడులను కెమేరా గుర్తించి, వానిలోనే వెలుగు నింపు ఆట అసాధ్యము కాదు. గీతలను పోల్చుకొను నేర్పు కెమేరాలకు ఇదివరకే అబ్బినది. కిటికీలకు నల్లని తెరలు మాత్రము కట్టవలసియుండును.