చచ్చిన గొడ్డును తినేది ఎవరు?



మీలో పెద్దవాళ్ళు రాబందుల్ని చూసే ఉంటారు. ఊరి బయట గొడ్డు కళేబరం వేస్తే చాలు, గుంపుగా దిగేవి. కాసేపట్లో ఎముకలే మిగిలేవి. ఆ గుంపులు ఇప్పుడేవి? మన దేశంలో తెల్లవీపు రాబందులు 1992లో వెయ్యి ఉన్నచోట 2007 నాటికి ఒక్కటే మిగిలింది. కళేబరాలు కుళ్ళాయి. ఊరకుక్కలు పెరిగాయి. పిచ్చికుక్క కాటు ప్రాణం తీస్తుందని మీకు తెలుసు.

మొదట ఏదో రోగం అనుకున్నారు. 2004లో అసలు కారణం బయటపడింది. అది డైక్లోఫెనాక్. పశువుల నొప్పికి, వాపుకు వేసే మందు. అది వేసిన గొడ్డు రెండు మూడు రోజుల్లో చచ్చిపోతే, ఆ మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోతాయి.

గొడ్డుకు నొప్పి తగ్గింది. అంతవరకే చూశారు. చచ్చాక దాన్ని ఎవరు తింటారు అని అడగలేదు. మన ఊళ్ళో ఏ ఆడమనిషైనా అడిగే ప్రశ్నే కదా ఇది!

మందువల్ల ప్రాణులకు ఎంత ముప్పో తేల్చడానికి శాస్త్రవేత్తలు రెండు సంగతులు చూస్తారు. ఎంత మోతాదు ప్రాణం తీస్తుంది? అంత మోతాదు ఎవరి నోటికి చేరుతుంది? ఈ లెక్క గట్టిదే. నూటికి ఒక్క కళేబరంలో విషం ఉన్నా రాబందుల జాతి తుడిచిపెట్టుకు పోతుందని దీనితోనే తేలింది. ఒక్క కళేబరం మీద ఎన్నో వాలతాయి. ఏడాదికి పెట్టేది ఒకటే గుడ్డు మరి.

2006లో ప్రభుత్వం పశువులకు ఆ మందు ఆపించింది. బదులు మందు మెలాక్సికామ్. ఈసారి దాన్ని రాబందుల మీదే పరీక్షించారు. కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ ఇచ్చారు. పక్షులు బతికాయి.

అయితే, ఒక మందును పరీక్షిస్తే ఆ మందు సంగతే తెలుస్తుంది. ఎసిక్లోఫెనాక్ అని ఇంకొకటి ఉంది. గొడ్డు ఒంట్లోకి వెళ్ళాక అది డైక్లోఫెనాక్‌గానే మారుతుంది! దాన్ని పశువులకు ఆపింది 2023లో. పదిహేడేళ్ళు పట్టింది. పైగా మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాల సూదిమందును గొడ్లకు వేసేవాళ్ళు. 2015లో చిన్న సీసాలే అమ్మాలన్నారు. కొట్లో, కొట్టంలో జరిగేది ప్రయోగశాల లెక్కకు అందదు.

మనకు అందుతుంది. గొడ్డుకు సూది వేసేటప్పుడు మందు పేరు అడగండి. తెలుగులో రాసుకోండి, తేదీ కూడా వేయండి. మెలాక్సికామ్ ఉందా అని అడగండి. సూది వేసిన నాలుగైదు రోజుల్లో గొడ్డు చస్తే బయట పారేయకండి. లోతుగా గొయ్యి తీసి పూడ్పించండి.