పొసగని జంట
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



పాఠశాల వార్షికోత్సవమున చలనచిత్రములను గూర్చి ప్రసంగించుట తమలో కొందరికి వింతగా తోచవచ్చును. అయితే విరామ సమయమున మన పిల్లలు ఆడుకొనుచున్నది ఆ కథలనే. ఆ ఆటలో ఎవనికి నాయకుని వేషము దక్కుచున్నదో, ఎవనిని చూచి తక్కినవారు నవ్వుచున్నారో మేము నిత్యము గమనించుచున్నాము. అందువలననే ఈ విషయమును ఎన్నుకొంటిమి.

సాహసమును హాస్యమును కలిపిన చిత్రములలో ఒక పాత పద్ధతి కలదు. స్వభావములు ఏమాత్రము పొసగని ఇద్దరిని ఒకే కార్యమునకు ముడివేయుదురు. 1975లో వచ్చిన హిందీ చిత్రము 'షోలే'లో జయ్ మితభాషి, వీరూ వాగుడుకాయ. 1998లో వచ్చిన అమెరికా చిత్రము 'రష్ అవర్'లో హాంగ్‌కాంగ్ పోలీసు అధికారికి లాస్ ఏంజిలిస్ పోలీసు జతయగును. వచ్చినవానికి ఇంగ్లీషు రాదని తలచి ఇతడు గట్టిగా అరచి మాటలాడును. అతనికి ఆ భాష చక్కగా వచ్చునని పిదప తెలిసి తెల్లబోవును. మొదట కీచులాట, నడుమ ఆపద, తుదకు స్నేహము: ఇదియే ఇట్టి కథల నడక.

మనకు దగ్గరి ఉదాహరణము 2022లో రాజమౌళిగారు తీసిన 'ఆర్‌ఆర్‌ఆర్'. అందు హాస్యము పాలు తక్కువయైనను జంట అట్టిదే. చరిత్రలో అల్లూరి సీతారామరాజు 1924లోను, కొమురం భీం 1940లోను అమరులైరి. వారిరువురు కలిసి పోరాడుట కేవలము కల్పన. ఈ సంగతి పిల్లలకు తప్పక చెప్పవలెను. ఆ కల్పనలో రామరాజు పోలీసు ఉద్యోగి. భీముడు దొరలు ఎత్తుకొనిపోయిన గోండు బాలికను విడిపించుటకు వచ్చిన అడవిబిడ్డ. నదిపై మంటలలో చిక్కిన ఒక బాలుని రక్షించుటతో వారి చెలిమి మొదలగును. కథాంతమున ఏమి కావలెనని రామరాజు అడుగగా, భీముడు ధనము కోరలేదు, చదువు కోరెను.

ఆ భీముడు తెలంగాణపు మాటలోనే మాటలాడును. ఇది చిన్న సంగతి కాదు. తెలుగు చిత్రములలో చిరకాలము ఆ మాటను హాస్యగానికో, ప్రతినాయకునికో అంటగట్టుచు వచ్చిరి. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి మగ్గముల పనికై భివండీ చేరిన కుటుంబములకు ఈ నొప్పి తెలియనిది కాదు.

మా తరగతిలో జరిగినదొకటి మనవి చేయుదుము. ఊరినుండి క్రొత్తగా వచ్చిన బాలుడొకడు తెలుగు ధారాళముగా చదువును. మరాఠీ ఒక్క ముక్క రాదు. ఇచ్చటనే పుట్టిన మరియొకడు మరాఠీ, హిందీ గడగడ మాటలాడును. తెలుగు ఒత్తులకడ తడబడును. ఒకని తప్పునకు ఒకడు నవ్వెడివాడు. ఒకనాడు ఆ నవ్వులో మేమును కలిసితిమి. మరునాటినుండి క్రొత్తపిల్లవాడు నాలుగు దినములు బడికి రాలేదు. ఆ తప్పు మాదే.

వాడు తిరిగి వచ్చిన పిదప ఇద్దరిని ఒకే బల్లపై కూర్చుండబెట్టితిమి. మరాఠీ గంటలో వీడు గురువు, తెలుగు గంటలో వాడు గురువు. వారు ప్రాణమిత్రులైరని చెప్పజాలము. నేటికిని పోట్లాడుకొనుచునే యున్నారు. కాని ఒకడు మాన్కోలి నాకాకడ బస్సు పలకను తానే చదువుకొనుచున్నాడు. రెండవవాడు ఊరిలోని నాయనమ్మకు తెలుగులో జాబు వ్రాసినాడు.

నేతపని ఎరిగిన తమకు మేము వేరుగ చెప్పనేల? పడుగు బిగువుగా నిలుచును, పేక అడ్డముగ పరుగెత్తును. రెండును ఒకే దిక్కున సాగినచో బట్ట కాదు.

కావున మా విన్నప మొక్కటే. పిల్లలతో కూర్చుండి చిత్రము చూచునపుడు, ఇచ్చట ఎవనిని చూచి నవ్వుచున్నాము, ఎందులకని ఒక్కమాట అడుగుడు. మరాఠీ నేర్చుటకు తెలుగును విడువ నక్కరలేదు. తెలుగును నిలుపుకొనుటకు పొరుగుబిడ్డకు దూరము కానక్కరలేదు. ఇంట ఎవరి యాసను వెక్కిరింపకుడు. బడిలో మేమును ఇక వెక్కిరింపము.