గేరుపెట్టెకు ఏ నూనె?

శ్రోతలలో సొంత కారు కలిగి, చేతితో గేర్లు మార్చుకొనుచు నడుపువారు నేటికిని పెక్కుమంది కలరు. ఇంజను ఆయిలు విషయమున వారందరును జాగ్రత్తపరులే. గేరుపెట్టెలోని నూనె సంగతి తలచువారు మాత్రము తక్కువ. అది కంటికి కనబడదు. దాని మట్టము చూచుటకు చాల బండ్లలో పుల్ల యుండదు. తరిగినదని తెలుపు ఎఱ్ఱదీపమును ఉండదు. కావుననే మెకానిక్కు "ఈసారి సింథటిక్ పోయిద్దామండీ, గేర్లు వెన్నలా పడతాయి" అనగానే మనము తల యూపుదుము. వెన్నవలె పడుట మంచిదే. అయినను సింథటిక్ అను మాట ఎంతవరకు నమ్మదగినదో తెలిసికొని తల యూపుట మేలు.

భూమినుండి తీసిన ముడిచమురును శుద్ధిచేయగా వచ్చు నూనెలో పలు తీరుల అణువులు కలగలసి యుండును. కర్మాగారమున ఒకే తీరు అణువులను కూర్చి చేసినది కృత్రిమ తైలము. అది చలికి త్వరగా బిగుసుకొనదు. వేడికి అంతగా పలుచబడదు. చాల కాలము చెడక నిలుచును. గుణములు నిజమైనవే, సందేహము లేదు. కాని ముడిచమురు నూనెనే హైడ్రోజనుతో తీవ్రముగా సంస్కరించి, దానికిని ఆ పేరు పెట్టవచ్చునా యని అమెరికాలో మొబిల్, కాస్ట్రాల్ కంపెనీల నడుమ వివాదము చెలరేగినది. పెట్టవచ్చునని 1999లో అచటి వాణిజ్య ప్రకటనల పరిశీలక సంస్థ తేల్చినది. నాటినుండి ఆ మాట చూచినంతనే డబ్బాలో ఏమున్నదో చెప్పుట కష్టము. మన గేరుపెట్టెకు ఆ నూనె తగునో తగదో ఆ మాట అసలే చెప్పదు. దానిని చెప్పునవి డబ్బామీది రెండు చిన్న గుర్తులు.

మొదటిది చిక్కదనము. 75డబ్ల్యు-90 అని యుండుననుకొందము. డబ్ల్యు అక్షరము చలికాలమునకు గుర్తు. 75డబ్ల్యు అనగా సున్నకు దిగువ 40 డిగ్రీల చలిలో సైతము నిర్ణీతమైన హద్దు దాటి చిక్కబడనిది. 80డబ్ల్యునకు ఆ పరీక్ష సున్నకు దిగువ 26 డిగ్రీలు. లంబసింగి చలిని తలచుకొన్నను ఈ భేదము మనకు పట్టదు. మనకు కావలసినది రెండవ అంకె. అది 100 డిగ్రీల వేడిలో నూనె చిక్కదనమును తెలుపును. 90 అనగా ఆ వేడిలో 13.5 మొదలు 18.5 సెంటిస్టోకుల లోపు. ఇంజను నూనెలో 40, 50 అంకెలవాటి చిక్కదనము ఇంచుమించు ఇంతే. కొలబద్దలు వేరగుటచే 90 చూచి బెదరనక్కరలేదు. అట్లే, మన ఎండలు తీవ్రములని చెప్పి, పుస్తకములో 80 అని యుండగా 90 పోయుటయు తగదు. నూనె చిక్కనగుకొలది గేరు మార్పు బరువగును.

రెండవ గుర్తు జి.ఎల్. అనునది. పొరపాట్లకు చోటిచ్చునది ఇదియే.

గేరు మార్చునపుడు వేర్వేరు వేగములతో తిరుగుచున్న రెండు భాగములు జతపడవలెను. ఆ వేగములను సమము చేయుటకు సింక్రొనైజరు అను ఏర్పాటు కలదు. పెక్కు కార్లలో ఇత్తడి వంటి రాగి మిశ్రమలోహపు వలయమొకటి గేరుమీది ఉక్కు శంకువును ఒరసి, చిన్న బ్రేకువలె పట్టుకొనును. వేగములు కలసిన పిమ్మటనే పళ్లు కలియును. ఇక చిక్కు చూడుడు. పళ్ల నడుమ నూనె జారుడుగా నుండవలెను. వలయము క్రింద అదే నూనె తొలగి, పట్టు దొరకవలెను. ఒకే పెట్టె, ఒకే నూనె, పొసగని రెండు కోరికలు.

జి.ఎల్.5 నూనె హైపాయిడ్ అను జాతి గేర్లకొరకు ఏర్పడినది. వెనుక చక్రములతో నడచిన మన అంబాసిడర్ కారు వెనుక ఇరుసులో అట్టి గేర్లుండెను. వాటి పళ్లు గొప్ప బరువు క్రింద ఒకదానిపై నొకటి ప్రక్కకు జారును. ఆ ఒరపిడికి నూనెపొర తెగిపోవును. కావున ఉక్కును అంటుకొని కాపాడునట్లు గంధకము, భాస్వరము గల పదార్థములను అందు హెచ్చుగా కలుపుదురు. జి.ఎల్.4లో వాటి పాలు తక్కువ. 1983లో వచ్చిన మారుతి 800 మొదలు, ముందు చక్రములతో నడచు చిన్న కార్లలో గేర్లును డిఫరెన్షియలును ఒకే పెట్టెలో నుండును. హైపాయిడ్ గేర్ల అవసరము లేదు. అట్టి పెట్టెలో జి.ఎల్.5 పోసినచో వలయమునకు పట్టు చాలక, గేరు మార్చునపుడు గరగర శబ్దము రావచ్చును. అందు కొన్ని రకముల గంధకము వేడిలో రాగి మిశ్రమలోహమును తినివేయును. నాలుగుకంటె ఐదు పెద్దదని తలచుటకు ఇవి బడిలోని తరగతులు కావు!

అట్లని జి.ఎల్.5ను నిందింపరాదు. జపానువారి సుబారు కార్ల గేరుపెట్టెలోనే హైపాయిడ్ గేర్లు కలవు, దానికి జి.ఎల్.5 కావలెను. ఆటోమేటిక్ బండ్ల నూనెనే కోరు చేతిగేర్ల పెట్టెలును కొన్ని కలవు. ఎవరి బండికి ఏది తగునో దానితో వచ్చిన పుస్తకములో అచ్చై యున్నది. మనమేమో దానిని కొన్ననాడే డాష్‌బోర్డు అరలో పెట్టి మరతుము. షెడ్డులో లారీకి, ట్రాక్టరుకు వాడు పీపానుండి తోడి పోయబోవుదురేమో, ముందే ఆ పుట చూపుడు. ఆ రెండు గుర్తులును సరిపోయిన పిమ్మట, సింథటిక్ కొనుటకు నాకును సమ్మతమే. లీటరుకు 500 రూపాయలు అధికమనుకొన్నను, రెండు లీటర్లకు 1000. నూనె 50,000 కిలోమీటర్లు నిలిచినచో కిలోమీటరుకు రెండు పైసలు. వలయములు అరిగిన పిదప గేరుపెట్టె దించి విప్పించుట ఈ లెక్కలో ఇముడునది కాదు.

నూనె మార్పించునపుడు క్రింది బోల్టుకంటె ముందుగా నూనె పోయు రంధ్రపు బోల్టు విప్పింపుడు. అది తుప్పుపట్టి రాకున్నచో, పాత నూనెయంతయు కారిపోయి, క్రొత్తది పోయుటకు దారి లేక బండి షెడ్డులోనే నిలిచిపోవును. బండి సమతలమున నుండవలెను. బోల్టులకు క్రొత్త వాషర్లు వేయింపవలెను. క్రింది బోల్టుకు అయస్కాంతము ఉన్నయెడల దానిని చూడుడు. బూడిదరంగు ముద్ద సహజమైన అరుగుదల. ఉక్కు ముక్కలు కనబడినచో పళ్లు విరుగుచున్నవి. కారిన నూనెలో బంగారు రజనువంటి మెఱపులున్నచో అరుగుచున్నది వలయములు. అప్పటికి ఏ నూనెయు వాటిని మరల నింపలేదు. గరగర యున్నను మెఱపులు లేనియెడల, క్లచ్చి పూర్తిగా విడుచుచున్నదో లేదో మొదట పరీక్షింపుమని మెకానిక్కును కోరుడు.