నడుగడ్డ

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున ప్రధానోపాధ్యాయుని ప్రసంగము)



ఈ దినమున మీ యెదుట నా తప్పు నొకదానిని చెప్పుకొని, పిదప రెండు మాటలు మనవి చేసెదను.

ఈ సంవత్సరము ఏడవ తరగతికి భూగోళ పరీక్ష పెట్టితిని. "ఉత్తర ధ్రువమునకు అన్నిటికంటె సమీపమున నున్న నేల యేది?" అనునది ఒక ప్రశ్న. ఒక బాలిక "కాఫీక్లబ్ నడుగడ్డ" అని వ్రాసినది. "ద్వీపము అని వ్రాయవలెను" అని ఎఱ్ఱ సిరాతో దిద్ది సున్న వేసితిని. ఆ పిల్ల వచ్చి, "సార్, మా అవ్వ నడుగడ్డ అనే అంటది" అన్నది. నాకు మాట తోచలేదు.

ముందు ఆ ద్వీపము సంగతి వినుడు. గ్రీన్లండుకు ఉత్తరమున, ధ్రువమునకు సుమారు 710 కిలోమీటర్ల దూరమున నున్న చిన్న దిబ్బ యది. అచ్చట మనుష్యులు నివసింపరు. 1900లో పియరీ దానిని చూచెను. 1921లో డెన్మార్కు దేశీయుడగు లౌగే కోక్ అచ్చటికి పోయి, కోపెన్‌హేగన్‌లోని ఖనిజశాస్త్ర మ్యూజియమున నడచుచుండిన కాఫీక్లబ్బు పేరు దానికి పెట్టెను. ఆ దేశపు జనుల భాషలో దానికి వేరొక పేరు కలదు. ఇనూయిట్ జనుల దీవి యని దాని యర్థము.

1978లో ఇంకను ఉత్తరమున మరియొక చిన్న దిబ్బ కానవచ్చెను. 1909లో పియరీ వెంట నడచిన ఊడాక్ అను ఇనూయిట్ వీరుని పేరు దానికి పెట్టిరి. 2021లో వేరొకటి కనబడగా దానికిని పేరు సూచించిరి. కాని 2022లో శాస్త్రజ్ఞులు పరిశోధించి, ఇవి నేల కావనియు, పైన మన్నును గులకరాళ్లును కప్పుకొనిన మంచు దిబ్బలనియు తేల్చిరి. గడ్డ యనుకొన్నది మంచుగడ్డ! పేరు పెట్టుట సులభమే. దాని క్రింద నేల యుండవలెను.

ఇక ఆ బాలిక మాట క్రింద నేల యున్నదా? చూడుడు. కన్నడమున నడుగడ్డె యనగా ద్వీపము. మన కృష్ణలో కుర్వకల, కుర్వకుర్ద, నారదగడ్డె యున్నవి. తెలుగున నడిగడ్డ యనగా కృష్ణా తుంగభద్రల నడుమ నున్న గద్వాల, అలంపురపు సీమ. ఆ రెండు తాలూకాలును 1956 వరకు మన రాయచూరు జిల్లాలోనివే. రాష్ట్రముల పునర్విభజనలో అవి ఆంధ్రప్రదేశమునకు పోయినవి. నేడు తెలంగాణలో నున్నవి. నేల విడిపోయినను మాట విడిపోలేదు.

ఇంకొక విశేషము. సంస్కృతమున ద్వీపమను మాట "ద్వి", "అప్" అను వానినుండి పుట్టినది. అనగా రెండు నీళ్లు. మన సీమను దోఆబ్ అందురు. ఫారసీలో "దో" అనగా రెండు, "ఆబ్" అనగా నీరు. కావున నేను దిద్దిన మాటయు, మన సీమ పేరును ఒక్కటియే. ఆ రెంటికిని సరిపోవు మాట ఆ అవ్వ నోట నున్నది. తప్పు పిల్లది కాదు, నాది.

మీలో అనేకులు నాతో, "మా ఇంటి తెలుగు కన్నడము కలిసిన తెలుగు, సార్, మీరే పిల్లలకు మంచి తెలుగు నేర్పండి" అని సిగ్గుపడుచు చెప్పుచుందురు. ఇంతకాలము నేనును తల యూపితిని. పుస్తకపు మాట పిల్లలు నేర్వవలసినదే, పరీక్షలో వ్రాయవలసినదే. కాని దానికొఱకు ఇంటి మాటను కొట్టివేయ పనిలేదు. సిగ్గుపడి మీరు ఇంట తెలుగు మానినచో, బడిలో మేము నేర్పునది క్రింద నేలలేని మంచుగడ్డ యగును.

కావున నా మనవి యొక్కటే. ఈ సెలవులలో ఒక సాయంకాలము పిల్లలను అవ్వ తాతల చెంత కూర్చుండబెట్టుడు. మీ చేల పేర్లు, వంకల పేర్లు, బావుల పేర్లు, గుండ్ల పేర్లు చెప్పింపుడు. పిల్లలు వానిని తెలుగున వ్రాసి, ప్రక్కన కన్నడపు పేరును వ్రాయవలెను. బడి తెరచిన పిదప అవి యన్నియు ఒక పుస్తకముగా కుట్టించెదము. ఆ పేర్లు ఏ పటములోను లేవు. చెప్పువారు పోయినచో అవియు పోవును.

ఆ బాలిక జవాబు కాగితమును మరల తెప్పించి, సున్న కొట్టివేసి, పూర్తి మార్కు వేసితిని. ఆమె అవ్వ నేడు ఈ సభలో నున్నది. ఆమెకు నా నమస్కారము.